పుట్టి ఎంతన్నది ఎవరు మార్చాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఒక పల్లె. 1992లో నేను కొత్త కోడలిని. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళమే సారా కొట్టు ముందు అడ్డంగా కూర్చున్నాం. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు మా ఇళ్ళలో పండగ. రెండేళ్ళు తిరిగేసరికి ఎత్తేశారు. అదే రాజ్యాంగంలో రాసి ఉంటే ఎవరూ ముట్టుకోలేకపోయేవారు కదా అని ఇప్పటికీ నా కడుపు మండుతుంది. మా అమ్మాయి నెల్లూరులో లా చదువుతోంది. అలా రాయకపోవడమే మంచిదైందని, అమెరికావాళ్ళు రాసుకుని అవస్థ పడ్డారని అంటుంది. ఫోనులో మాటా మాటా పెరిగి నాలుగు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. నేను ఒకసారి వార్డు మెంబరుగా చేశానని జనవరి 26న మా ఊరి బడిలో మాట్లాడమన్నారు. అసలు రాజ్యాంగాన్ని మార్చడం ఎంత కష్టంగా ఉండాలి?

ఇంకొక చిన్న సంగతి. మా పొదుపు సంఘంలో పన్నెండు మందిమి. లీడర్లు రెండేళ్ళకొకసారి మారాలని మొదట్లోనే తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాం. ఇప్పుడున్న ఇద్దరు లీడర్లు ఆ నియమం తీసేద్దామంటున్నారు. సగంమంది ఒప్పుకుంటే చాలా, అందరూ ఒప్పుకోవాలా?
— ఒక సోదరి, కలిగిరి మండలం

సమాధానం:

అమ్మా,

ముందుగా మీ అమ్మాయికి ఫోను చేయండి. మద్యం సంగతిలో ఆమె మాటే సరైనదని నా నమ్మకం. అయితే మీ కడుపుమంటలో ఆమె ఇంకా చూడని నిజం ఒకటి ఉంది. అది చెప్పాలంటే ఉత్తరం కాస్త పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మీ మండలంలోని దూబగుంటలో రోసమ్మ, ఆమెతో కలిసిన ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, ఆ అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధ చట్టం వచ్చింది, 1997లో దాన్ని సడలించేశారు. శాసనసభలో మామూలు మెజారిటీతో వచ్చిన చట్టం మామూలు మెజారిటీతోనే పోయింది. తెచ్చేటప్పుడు మీ కేక విని తెచ్చారు. తీసేటప్పుడు మిమ్మల్ని అడగలేదు. మీకు నొప్పి తగిలింది అక్కడే.

ఇప్పుడు అమ్మాయి చెప్పిన అమెరికా సంగతి. అక్కడ మద్యనిషేధాన్ని రాజ్యాంగంలోనే రాశారు. 1919లో రాష్ట్రాల ఆమోదం పొందిన ఆ పద్దెనిమిదో సవరణ 1920 జనవరి నుంచి అమలయింది. దొంగసారా, దాన్ని నడిపించే ముఠాలు, లంచాలు మరిగిన పోలీసులు, ఇవన్నీ పెరిగాయి. తప్పు జరిగిందని చాలామందికి అర్థమైనా చట్టాన్ని ఎత్తేసినట్టు ఎత్తేయలేకపోయారు. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు, ఆపైన నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 1933 డిసెంబరులో ఇరవై ఒకటో సవరణతో గాని అది పోలేదు. ఒక సవరణను పూర్తిగా రద్దు చేయడానికి ఇంకొక సవరణ తేవలసి రావడం ఆ దేశ చరిత్రలో అదొక్కసారే.

మన రాజ్యాంగ నిర్మాతలు కూడా మద్యం గురించి ఆలోచించారు. 47వ అధికరణంలో, నిషేధానికి ప్రభుత్వం ప్రయత్నించాలని ఆదేశిక సూత్రంగా రాశారు. దారి చూపించి ఊరుకున్నారు, సంకెళ్ళు వేయలేదు. అది మంచి పనే అంటాను. నిషేధం ఎలా అమలవుతుందో, ఏ ఊళ్ళో ఏ ఫలితమిస్తుందో చూసుకుంటూ దిద్దుకోవలసిన విషయం అది.

మీకు తెలిసిన లెక్కలో చెబుతాను. మీ జిల్లాలో ధాన్యం పుట్ల లెక్కన అమ్ముతారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి ధర ఏటేటా మారుతుంది, ఒక్కోసారి వారానికీ మారుతుంది. రైతుకు కష్టం కలిగినా ధర మారడాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ కళ్ళంలో కాటా వేసే పూట కొనడానికి వచ్చినవాడు నిలబడి, “ఈ రోజు నుంచి పుట్టి అంటే 900 కిలోలు” అంటే ఊరుకుంటారా? మామూలు చట్టాలు ధర లాంటివి. రాజ్యాంగం పుట్టి లాంటిది. ఎవరు ఓటు వేయాలి, గెలిచినవాళ్ళు ఎన్నేళ్ళు ఉండాలి, ఎవరిని ఏ కారణంతో జైలులో పెట్టవచ్చు, కేంద్రం ఏమి చేయాలి, రాష్ట్రం ఏమి చేయాలి అన్న కొలతలు అందులో ఉంటాయి. మద్యనిషేధం ధర వైపు సంగతి. దాన్ని పుట్టిలో కలిపితే అమెరికాకు పట్టిన గతి పడుతుంది.

మరి మీ మాటలో ఉన్న నిజం ఏమిటంటారా? మీరు వార్డు మెంబరుగా కూర్చున్న ఆ కుర్చీ. పంచాయతీల్లో ఆడవాళ్ళకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా సీట్లు ఉండాలన్న నియమం 73వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. 1992 డిసెంబరులో పార్లమెంటు దాన్ని ఆమోదించింది, 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. అంటే నెల్లూరు జిల్లాలో సారా ఆగిన నెలలోనే! ఒకే నెలలో మీకు రెండు దక్కాయి. ఒకటి పోరాడి తెచ్చుకున్నది, రెండోది ఢిల్లీలో ఎవరో రాసినది. మొదటి దారిలో సాధించుకున్న నిషేధం 1997కల్లా చేజారింది. రెండోది ఇంతమంది ముఖ్యమంత్రులు మారినా ఎవరూ తీసేయలేకపోయారు. ఆడవాళ్ళకు సభలో చోటు అన్నది పుట్టి వైపు సంగతి కాబట్టి అది అలా గట్టిగా ఉండటమే న్యాయం. చట్టం మీద గొంతెత్తే అవకాశం మీకు పోకుండా ఉండాలంటే ఆ చోటు గట్టిగా ఉండాలి. మీ అమ్మాయి దీన్ని 243-డి అధికరణం అని చదువుకుని ఉంటుంది. దాని మీద కూర్చున్నది మీరు.

ఆ సవరణకు ముందు జరిగినదీ వినండి. అలాంటి బిల్లునే 1989లో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు, వీగిపోయింది. రాష్ట్రాలను పక్కకు నెట్టి కేంద్రమే నేరుగా ఊళ్ళలోకి వస్తోందన్నది అప్పటి పెద్ద అభ్యంతరం. మూడేళ్ళు గడిచాక వేరే ప్రభుత్వం కొత్తగా రాసి తెస్తే రెండు సభల్లోనూ నెగ్గింది, సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలూ సరేనన్నాయి. ఆ మూడేళ్ళ ఆలస్యమే దాన్ని ఒక పార్టీ సొత్తు కాకుండా చేసి, అందరిదిగా నిలబెట్టిందని నేననుకుంటాను.

ఇప్పుడు మన రాజ్యాంగంలోని కష్టం ఎంతో చూద్దాం. 368వ అధికరణం రెండు తాళాలు వేసింది. హాజరై ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకున్నవాళ్ళు సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఉండాలి. లోక్‌సభ 543 మందిది అనుకుంటే, ఒక రోజు 300 మందే వచ్చి అందులో 200 మంది చేతులెత్తితే చాలదు, 272 మంది కావలసిందే. రాజ్యసభలోనూ విడిగా ఇదే పరీక్ష. రాష్ట్రాల అధికారాలను తాకే మార్పు అయితే సగానికి తగ్గకుండా రాష్ట్ర శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. ఈ చివరి తాళాన్ని మరిచిపోయి 2011లో సహకార సంఘాల మీద తెచ్చిన 97వ సవరణలో, రాష్ట్రాల సంఘాలకు సంబంధించిన భాగం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ తాళాలు ఎంత నిక్కచ్చిగా పనిచేస్తాయో చెప్పడానికి నాకు ఇష్టమైన రోజు ఒకటుంది. 1970 సెప్టెంబరు 5. పాత సంస్థానాధీశులకు ఏటా ఇచ్చే రాజభరణాలను రద్దు చేసే సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చింది. లోక్‌సభలో అప్పటికే నెగ్గింది. రాజ్యసభలో 224 మంది ఓటు వేశారు. అనుకూలం 149, వ్యతిరేకం 75. 224లో మూడింట రెండు వంతులంటే 149 మీద ఇంకొక మూడో వంతు. మనిషిని మూడు ముక్కలు చేసి ఓటు వేయించలేరు కాబట్టి 150 కావాలి. ఒక్కరు తక్కువయ్యారు, బిల్లు వీగిపోయింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. ప్రజలు ఆ ప్రభుత్వాన్నే పెద్ద మెజారిటీతో తిరిగి పంపారు, 1971లోనే 26వ సవరణతో రాజభరణాలు పోయాయి. ఏడాదికి పైగా ఆలస్యం, నడుమ ఒక ఎన్నిక. ఎంత కష్టంగా ఉండాలని మీరడిగారు. ఇంత కష్టంగా ఉండాలి.

అయితే ఆ మధ్య విరామం 1970లో కాకతాళీయంగా దొరికింది. మన నియమంలో అది లేదు, అదే నా దిగులు. మూడింట రెండు వంతుల సీట్లంటే మూడింట రెండు వంతుల జనం కాదు. 1984లో ఒక పార్టీకి సగం ఓట్లు కూడా రాలేదు, సీట్లు మాత్రం నాలుగు వందలు దాటాయి. అంత దూరం ఎందుకు, మన పాత నెల్లూరు జిల్లానే చూడండి. 2019లో పదికి పది అసెంబ్లీ స్థానాలు ఒక పార్టీకి వెళ్ళాయి. 2024లో పదికి పది ఎదుటి పార్టీకి వెళ్ళాయి. జనం అయిదేళ్ళలో పూర్తిగా తిరగబడ్డారా? లేదు. ప్రతి ఊళ్ళోనూ రెండు పక్షాలవాళ్ళూ పక్క పక్క ఇళ్ళలోనే ఉన్నారు. కొద్దిమంది అటు నుంచి ఇటు వచ్చేసరికి సీట్లన్నీ దొర్లుకుంటూ వచ్చాయి. ప్రభుత్వం అలా మారడంలో తప్పు లేదు. కొలత కూడా దానితోపాటు దొర్లకూడదు.

1976 తెలిసినవాళ్ళెవరూ అంకెలనే నమ్ముకోరు. అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉండగా 42వ సవరణ తెచ్చారు. అంకెలన్నీ సరిపోయాయి. లోక్‌సభ కాలాన్ని అయిదేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెంచుకున్నారు. రాజ్యాంగ సవరణలను ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని రాసుకున్నారు. ఇది కాటా వేసేవాడే పుట్టిని మార్చడం! 1977లో జనం ఓటుతో జవాబు చెప్పాక 43, 44 సవరణలు అందులో చాలావాటిని వెనక్కి తిప్పాయి. ప్రశ్నించరాదన్న భాగాన్ని 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంతకుముందు 1967లో, మన తెలుగువారైన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఒక్క ఓటు ఆధిక్యంతో తీర్పు వచ్చింది. 1973లో పదముగ్గురు న్యాయమూర్తులు, మళ్ళీ ఒక్క ఓటు తేడాతో, దేన్నయినా సవరించవచ్చు గాని రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని, అంటే దాని మూల లక్షణాలను, చెరపకూడదన్నారు. ఇది మీ అమ్మాయికి పరీక్షలో వచ్చే ప్రశ్నే, వివరంగా ఆమె చేతనే చెప్పించుకోండి. నా మట్టుకు ఆ చివరి గోడ ఉండాలి. కానీ మొదటి గోడలు సరిగా ఉంటే కోర్టు దాకా వెళ్ళే పని తగ్గుతుంది.

ఇప్పటికీ తొందర పోలేదు. ఆర్థికంగా వెనుకబడినవారికి పది శాతం రిజర్వేషన్ ఇచ్చిన 103వ సవరణను 2019 జనవరి 8న లోక్‌సభలో ప్రవేశపెట్టి ఆ రోజే ఆమోదించారు, మరునాడు రాజ్యసభ. అది మంచిదే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. అయినా రెండు రోజుల్లో రాజ్యాంగం మారడం నాకు నచ్చదు. మీ ఊళ్ళో చదువుకున్న పిల్ల ఆ బిల్లును పత్రికలో చదివి, ఇంట్లో వాదించి, తన ఎంపీకి ఒక కార్డు రాసేంత వ్యవధి అయినా ఉండాలి. స్వీడన్‌లో మౌలిక చట్టాన్ని మార్చాలంటే పార్లమెంటు ఒకే మాటను రెండుసార్లు ఆమోదించాలి, ఆ రెండింటి నడుమ సాధారణ ఎన్నికలు జరగాలి. అన్నిటికీ అంత అక్కరలేదు. ఎన్నికలు, సభల కాలం, కోర్టులు, హక్కుల కోత, వీటికైనా అలాంటి విరామం మనకు కావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అలాగని కష్టాన్ని పెంచుకుంటూ పోతే బాగుంటుందని అనుకోకండి. మీ పాత నెల్లూరు జిల్లాలోనే వెంకటగిరి జమీందారీ ఉండేది. జమీందారీల రద్దుకు మద్రాసు రాష్ట్రం 1948లో చట్టం చేసింది. రాజ్యాంగం వచ్చాక బీహారులో అలాంటి చట్టాన్నే హైకోర్టు కొట్టేసింది. 1951లో మొదటి సవరణ తెచ్చి, తొమ్మిదో షెడ్యూలు అనే పట్టికలో పదమూడు చట్టాలను చేర్చి, కోర్టులు కొట్టేయకుండా వాటికి రక్షణ ఇచ్చారు, అందులో మద్రాసు చట్టం కూడా ఉంది. అప్పటికి రాజ్యాంగం వయసు ఏడాదిన్నర కూడా లేదు. అమెరికా అంత కష్టం మనకూ పెట్టి ఉంటే జమీందారీ పల్లెల రైతులు ఎన్నేళ్ళు కోర్టుల వైపు చూస్తూ కూర్చునేవారో! తర్వాత ఆ షెడ్యూలును పాలకులు గోదాములా వాడి 284 చట్టాలదాకా నింపారన్నది వేరే బాధ.

నిర్మాతలు ఇదంతా తూచే మధ్యదారి ఎంచుకున్నారు. సవరణను అమెరికా, ఆస్ట్రేలియాలంత అసాధారణ షరతులతో బిగించలేదని అంబేద్కర్ 1949 నవంబరు 25న సభలో స్పష్టంగా చెప్పారు. ఆ ప్రసంగంలోనే, ముసాయిదా సంఘంలో తనకన్నా సమర్థులున్నారంటూ ఆయన పేరు పెట్టి చెప్పిన మనిషి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. ఆయన పుట్టింది మీ నెల్లూరు జిల్లాలోని పుదూరులో. జనవరి 26న బడి పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పండి. మన జిల్లా మనిషి ఆ రాత బల్ల దగ్గర కూర్చున్నాడని తెలిస్తే వాళ్ళ వెన్ను నిటారవుతుంది.

ఒక చోట మాత్రం నిర్మాతల తూకం తప్పిందని నా అభిప్రాయం. మీకు ఉత్తరాన ఉన్న కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాది, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళింది, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరు కిందకు వచ్చింది. జిల్లా మార్చడానికి ప్రభుత్వ గెజిట్ నోటిఫికేషన్ చాలు, చాలాలి కూడా. కానీ రాష్ట్రం హద్దులు మార్చడానికి కూడా పార్లమెంటులో మామూలు మెజారిటీ సరిపోతుంది. ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, దాన్ని పాటించనవసరం లేదు. 2014 జనవరిలో మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. విభజన మంచా చెడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తెలంగాణ కోరిక న్యాయమైనదని నమ్మేవాళ్ళు కూడా ఆలోచించవలసిన సంగతి ఇది. మీ జిల్లాకు పేరు ఇచ్చిన పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిస్తే ఆంధ్ర రాష్ట్రం కదిలింది. నియమం సులువుగా ఉన్నా అడిగేవాళ్ళకు అది అంత కష్టమైంది. అడగనివాళ్ళ మీద రుద్దడానికేమో అడ్డే లేదు. సంబంధిత శాసనసభ కాదన్నప్పుడు మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలని ఉంటే బాగుండేది.

జనవరి 26 ప్రసంగానికి ఇవన్నీ వల్లె వేయకండి. సారా కొట్టుతో మొదలుపెట్టండి, వార్డు మెంబరు కుర్చీ దగ్గరకు రండి, ఒకటి ఎందుకు పోయిందో రెండోది ఎందుకు నిలిచిందో పిల్లల్నే అడగండి. పుట్టి లెక్క చెప్పండి. మీ అమ్మాయిని ఆ రోజుకు రమ్మని పిలిచి, 1970 రాజ్యసభ లెక్కను నల్లబల్ల మీద వేయించండి. పిల్లలు 224ను మూడు భాగాలు చేసి చూసుకుంటారు.

ఇక మీ సంఘం. ఆ నియమం లీడర్లకు కళ్ళెం వేసేది, తీసేద్దామంటున్నది లీడర్లు. కాబట్టి వాళ్ళిద్దరూ ఓటు వేయకూడదు. మిగిలిన పదిమందిలో ఏడుగురు ఒప్పుకోవాలి. అందరూ ఒప్పుకోవాలని పెట్టవద్దు. అలా పెడితే కాదన్న ఒక్క మనిషి ఇంటికి పొద్దునా సాయంత్రం మనుషులు వెళ్ళి వేపుకు తింటారు. ఈ నెల సమావేశంలో మార్పును పైకి చదివి పుస్తకంలో రాయండి, రానివాళ్ళకు ఇంటికి వెళ్ళి చెప్పండి, ఓటు వచ్చే నెలలో చీటీల మీద పెట్టండి. నెగ్గినా అది తర్వాత వచ్చే లీడర్ల నుంచే వర్తించాలి. అమెరికా పార్లమెంటు సభ్యులు జీతం పెంచుకుంటే తర్వాతి ఎన్నిక దాకా అది అమలు కాకూడదని ఒక సవరణ ఉంది. 1789లో ప్రతిపాదిస్తే, కావలసినన్ని రాష్ట్రాలు ఒప్పుకునేసరికి 1992 అయింది. మీకు నెల రోజులు చాలు. ఒక సభ్యురాలి పొదుపు సొమ్మును తాకే నియమం మాత్రం ఆమె ఒప్పుకోకుండా ఎంతమంది చేతులెత్తినా మార్చవద్దు. లీడర్లు మారితే బ్యాంకులో సంతకాలు మార్చాలి, అక్కడ తీర్మానం నకలు అడుగుతారు. ఓటు వేసిన రోజు తేదీ, వచ్చినవాళ్ళందరి సంతకాలు ఆ పేజీలోనే ఉండేలా చూసుకోండి.